పాపికొండల బోటు ప్రయాణానికి నేను సర్దిన సంచి – నా అనుభవం

మేం పాపికొండలకు రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి 2016 డిసెంబరులో, రెండోసారి 2023 జనవరిలో. రెండుసార్లూ విజయవాడ నుంచి భద్రాచలం వెళ్ళి, రామయ్య దర్శనం చేసుకుని, మర్నాడు పొద్దున్నే పోచవరం రేవులో బోటు ఎక్కాం. రెండుసార్లూ ఒక రాత్రి గోదావరి ఒడ్డున వెదురు గుడిసెల్లో పడుకున్నాం. దారి అదే, నది అదే. మొదటిసారి మాత్రం భయపడి తిరిగొచ్చాం. రెండోసారి కళ్ళనిండా చూసి వచ్చాం. ఆ తేడా అంతా మేం ఏం పట్టుకెళ్ళాం, దాన్ని ఎక్కడ పెట్టుకున్నాం అన్నదాంట్లోనే ఉంది. ముసలివాళ్ళను, చిన్నపిల్లలను తీసుకుని వెళ్ళేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు మావాడికి నాలుగేళ్ళు. మా అత్తయ్యకు అరవై నాలుగు. ఆవిడకు సుగర్ ఉంది, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకుంటారు. మా ఆయన, నేను, మా ఆడపడుచు, ఆవిడ కూతురు. మొత్తం ఆరుగురం. పెళ్ళికి వెళ్ళినట్టు సర్దాను. చక్రాల సూట్‌కేసులు రెండు, పెద్ద ఎయిర్‌బ్యాగు ఒకటి, తినుబండారాల బుట్ట, అందరివీ కలిపి ఆరు టర్కీ తువ్వాళ్ళు. ఫొటోలకని మావాడికి రెండు జతల బూట్లు. చలికి నూలు దుప్పట్లు చాలనుకున్నాను. "రెండు రోజులే కదా, స్వెటర్లెందుకు" అన్నది కూడా నేనే.

పోచవరంలో రోడ్డు దిగాక రేవు దాకా ఇసుకలో నడవాలి. సూట్‌కేసు చక్రాలు ఇసుకలో నాలుగడుగులు కూడా తిరగలేదు. లాగుతుంటే ముందు ఇసుక కుప్ప పోగవుతోంది. చివరికి మా ఆయన ఒకటి నెత్తిన పెట్టుకున్నారు, రెండోది ఇద్దరం చెరో వైపు పట్టుకున్నాం. ఒడ్డు నుంచి బోటు మీదికి ఒక చెక్క బల్ల వేసి ఉంటుంది. అడుగున్నర వెడల్పు ఉంటుందేమో. దాని మీద నడుస్తుంటే కిందికీ పైకీ ఊగుతుంది. ఒక చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని, రెండో చేతిలో బుట్టతో ఆ బల్ల దాటడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది. ఎక్కాక సిబ్బంది సామానంతా తీసుకుని కింది అంతస్తులో ఒక మూల పేర్చేశారు. అందరివీ అక్కడే, ఒకదాని మీద ఒకటి. మేం పైకి వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నాం. చేతులు ఖాళీ అయ్యాయి, హాయిగా ఉంది అనుకున్నాను.

ఆ హాయి రెండు గంటలు కూడా నిలవలేదు.

అత్తయ్య ఆ రోజు భద్రాచలం లాడ్జిలో ఆరున్నరకే ఇన్సులిన్ తీసుకుని రెండు ఇడ్లీలు తిన్నారు. బండి ఆలస్యమై, బోటు కదిలేసరికి పదిన్నర దాటింది. భోజనం ఒంటిగంటన్నరకు పెడతామన్నారు. పన్నెండు కావస్తుండగా ఆవిడ మాట్లాడటం మానేశారు. ఎదురుగాలి చల్లగా కొడుతోంది, మేమంతా చున్నీలు, తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చున్నాం. ఆవిడ నుదుటి మీద మాత్రం చెమట బొట్లు. పైపెదవి మీద కూడా చెమటే. "అత్తయ్యా, ఏమైంది?" అంటే నా వైపు చూశారు కానీ నన్ను గుర్తుపట్టినట్టు లేదు. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు వణుకుతున్నాయి. సుగర్ పడిపోయిందని అర్థమైంది. బిస్కెట్లు, గ్లూకోజు, సుగర్ చూసే మిషను అన్నీ తెచ్చాను. అన్నీ ఎయిర్‌బ్యాగులో ఉన్నాయి. ఆ బ్యాగేమో కింది అంతస్తులో, పాతిక బ్యాగుల అడుగున ఉంది.

మా ఆయన కిందికి పరుగెత్తారు. ఆ గుట్టలోంచి బ్యాగులు తీసి పక్కన పెడుతున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఈలోగా మా ఆడపడుచు వంటగదిలోకి వెళ్ళి చెప్పింది. వంటాయన స్టీలు గ్లాసులో మూడు చెంచాల పంచదార వేసి, నీళ్ళు పోసి, వేలితోనే కలిపేసి మెట్లెక్కి వచ్చారు. "ఏం కాదండీ, కొంచెం కొంచెంగా తాగించండి. మా నాన్నకీ ఇలాగే అవుద్దండి" అన్నారు. ఆ గ్లాసు అత్తయ్య పెదవులకు ఆనించి తాగించాను. పావుగంటకు ఆవిడ కళ్ళల్లోకి వెలుగు వచ్చింది. "పిల్లాడేడీ?" అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆ వంటాయన పేరు కూడా అడగలేదు. ఇన్నేళ్ళయినా ఆ గ్లాసు నా కళ్ళముందే ఉంది.

తర్వాత మా డాక్టరుగారు చెప్పారు. మనిషికి స్పృహ ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార గానీ, గ్లూకోజు పొడి గానీ నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు. ఇంట్లో ఉంటే ఇదంతా క్షణాల్లో చేస్తాం. నది మధ్యలో, రెండు వైపులా కొండలే ఉన్నచోట, ఫోనుకు సిగ్నలు లేని చోట, ఆ పొడి ఎక్కడుందన్నదే ప్రాణం.

ఆ రోజు ఇంకో తప్పు కూడా చేశాను. ఇన్సులిన్ సీసా చల్లగా ఉండాలి కదా అని బోటులోవాళ్ళ ఐసుపెట్టెలో, ఐసు ముక్కల మధ్యలో పెట్టమన్నాను. ఇంటికొచ్చాక డాక్టరుగారు అది పారేయమన్నారు. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే మళ్ళీ కరిగినా సరిగ్గా పనిచేయదట. వాడుతున్న సీసా మామూలు వాతావరణంలో దాదాపు నాలుగు వారాలు బాగానే ఉంటుందనీ, ఎండా వేడీ తగలకుండా చూస్తే చాలనీ చెప్పారు. ఏ మందుకు ఎన్ని రోజులన్నది డబ్బా మీద రాసి ఉంటుంది, అది చూసుకోవాలి. చలికాలం గోదావరి మీద ఇన్సులిన్‌కు ఐసుతో పనే లేదు. రెండోసారి సీసాను మెత్తటి గుడ్డలో చుట్టి, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి నా భుజం సంచిలోనే ఉంచుకున్నాను.

ఇక రాత్రి సంగతి. వెదురు తడికల గుడిసె ఫొటోలో ఎంత ముచ్చటగా ఉంటుందో, డిసెంబరు రాత్రి రెండింటికి ఆ తడికల సందుల్లోంచి గాలి అంత సన్నగా కోస్తుంది. కింద ఇసుక. పగలంతా వెచ్చగా ఉన్న ఇసుక రాత్రయ్యేసరికి చల్లబడి, పరుపు గుండా చలి వీపుకెక్కుతుంది. మావాణ్ణి నా కడుపులో పెట్టుకుని, ఉన్న నూలు దుప్పట్లన్నీ వాడి మీదే కప్పి, నేను చీర కొంగు చుట్టుకుని కూర్చున్నాను. తువ్వాళ్ళు కప్పుకుందామంటే సాయంత్రం నదిలో స్నానాలు చేశాం కదా, ఆ టర్కీ తువ్వాళ్ళు ఒక్కటీ ఆరలేదు. తెల్లవారుజామున పైకప్పు ఆకుల మీంచి మంచు బొట్లుబొట్లుగా కారుతుంటే, బయట వాన పడుతోందనుకున్నాను. జనరేటరు రాత్రి ఆపేశారు. టార్చి లేదు. పిల్లాణ్ణి బాత్‌రూమ్‌కు తీసుకెళ్ళడానికి ఫోను లైటు వేస్తే బ్యాటరీ అయిపోయింది. మర్నాడు బోటు ఆగిన పేరంటాలపల్లిలో ఒక్క ఫొటో తీసుకోలేకపోయాం.

పేరంటాలపల్లిలో ఇంకో ఇబ్బంది వచ్చింది. మెట్లెక్కి శివాలయానికి వెళ్ళాలి, చెప్పులు కిందే వదలాలి. మావాడి బూట్ల నిండా తడి ఇసుక. లేసులు విప్పడం, కట్టడం, మళ్ళీ విప్పడంతోనే సరిపోయింది. అక్కడి గిరిజనులు, కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పూలు, బుట్టలు, బొమ్మలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ చేతుల్లో వెదురు పేళ్ళు ఎంత సన్నగా, నునుపుగా చీలాయో చూసి మనసుపడ్డాను. కొందామంటే మా దగ్గర చిల్లర లేదు. అయిదువందల నోటుకు వాళ్ళెక్కడ తేగలరు? ఉత్త చేతులతో వచ్చేశాను. అది ఇప్పటికీ బాధే.

మళ్ళీ వెళ్దామని అనుకుంటూ ఉండగానే 2019 సెప్టెంబరు 15 వచ్చింది. గోదావరి వరదలో ఉన్న రోజు. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. ఒడ్డునున్న ఊళ్ళవాళ్ళు పడవల్లో వెళ్ళి వాళ్ళను కాపాడారు. మునిగిన బోటును కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి లాగింది. ఆ రోజుల్లో మా ఇంట్లో టీవీ ముందు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. 2016 ప్రయాణంలో మావాడికి లైఫ్‌జాకెట్ వేశామా అని ఆలోచించాను. వేశాం. పెద్దవాళ్ళది. ఫొటో తీసి విప్పేశాం, ఎందుకంటే అది వాడి మోకాళ్ళదాకా వచ్చింది, వాడు అందులో చిరాకుపడ్డాడు. వాడు నీళ్ళలో పడి ఉంటే ఆ జాకెట్ తల మీంచి ఊడి పైకి తేలేది, వాడు కిందికి జారిపోయేవాడు. ఈ సంగతి నాకు 2016లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకే 2023లో సర్దుడు లైఫ్‌జాకెట్‌తో మొదలైంది. అప్పటికి మావాడికి పదేళ్ళు, మొదటి ప్రయాణం తర్వాత పుట్టిన మా పాపకు అయిదు. పిల్లల సైజు జాకెట్లు బోటులో ఉంటాయో లేదోనని రెండూ ముందే ఆన్‌లైన్‌లో తెప్పించాను. జాకెట్ లోపలి వైపు ఎన్ని కిలోల బరువున్నవాళ్ళకో రాసి ఉంటుంది. వయసు చూసి కాదు, బరువు చూసి కొనాలి. ఇంట్లోనే వేసి చూశాం. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది వదులు, పనికిరాదు. పాపది కొంచెం లేచింది. వెనక్కి పంపి చిన్నది తెప్పించాను. దానికి కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉంది, పైకి జారకుండా. రెండు జాకెట్లూ ఒక సంచి నింపేశాయి. మా ఆయన ఒక్క మాట అనలేదు. పైగా ఆ సంచి ఆయనే మోశారు.

మేం ఎక్కిన బోటులో ఈసారి పేర్లు, వయసులు రాసుకున్నారు, ఆధార్ అడిగారు, అందరూ జాకెట్ వేసుకున్నాకే బోటు కదిలింది. బాగుంది. కానీ గంట గడిచేసరికి సగం మంది విప్పి కుర్చీ వెనక తగిలించారు. ఉక్కగా ఉందని ఒకరు, ఫొటోలో బాగుండదని ఒకరు. మాకిచ్చిన వాటిల్లో ఒకదాని బకిల్ విరిగిపోయి ఉంది. అడిగితే వెంటనే మార్చి ఇచ్చారు. ఎక్కగానే చూసుకోవాలి, మొహమాటపడకూడదు. జాకెట్ కింద పల్చటి నూలు బట్టలు వేసుకుంటే ఉక్కపోయదు. నేను పంజాబీ డ్రెస్సు వేసుకుని చున్నీ మడిచి సంచిలో పెట్టేశాను. అత్తయ్యకు చీర తప్ప అలవాటు లేదు. నూలు చీరే కట్టుకున్నారు. పమిట నడుం చుట్టూ బిగించి పిన్ను పెట్టి, దాని మీద జాకెట్ వేశాను. పట్టుచీర, జీన్సు ప్యాంటు తడిస్తే బరువు. నది మీద బరువు పనికిరాదు.

ఈసారి సూట్‌కేసు లేదు. మనిషికొక భుజం సంచి. చేతులు రెండూ ఖాళీగా ఉండాలన్నదొక్కటే నియమం. బట్టలు జతలు జతలుగా మందపాటి పాలిథిన్ కవర్లలో పెట్టి గాలి తీసేసి కట్టాను. ఇంటికొచ్చేటప్పుడు అవే కవర్లు తడిబట్టలకు. టర్కీ తువ్వాళ్ళ బదులు మంగళగిరి నూలు తుండ్లు పట్టుకెళ్ళాను. నీళ్ళు పిండి, బోటు రెయిలింగుకు ఆరేసి రెండు పిన్నీసులు పెడితే గంటలో ఆరిపోయాయి. నాలుగు బారల నైలాన్ తాడు కూడా పెట్టాను, గుడిసెలో దండెం కట్టుకోవడానికి. రాత్రికి స్వెటరు, మంకీ క్యాపు, సాక్సు, మనిషికో ఉన్ని శాలువా. పాత న్యూస్‌పేపర్లు ఒక కట్ట. పరుపు కింద నాలుగైదు పొరలు పరిస్తే ఇసుక చలి పైకి రాదు. ఇది మా అమ్మ చెప్పిన చిట్కా. వాళ్ళ చిన్నప్పుడు పుష్కరాలకు వెళ్ళి ఒడ్డున పడుకునేటప్పుడు గడ్డి పరిచేవాళ్ళట.

చెప్పులు మడమ వెనక పట్టీ ఉన్నవి, తడిసినా పాడవనివి. ఒడ్డున ఇసుకలో గులకరాళ్ళు ఉంటాయి, వట్టి కాళ్ళతో పిల్లలను దింపలేం. నీళ్ళలోకి మాత్రం బోటువాళ్ళు చూపించిన చోటే, మోకాలి లోతు దాటకుండా దింపాం. పాపికొండల దగ్గర గోదావరి ఇరుకై లోతుగా పారుతుంది. పైకి నిశ్శబ్దంగా కనిపిస్తుంది. ఒడ్డు దగ్గర ఒకడుగు లోతు, తర్వాతి అడుగుకు నిలువెత్తు లోతు ఉండొచ్చు. స్నానం చేసేటప్పుడు కూడా పిల్లల జాకెట్లు విప్పలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంచి మాత్రం అరచేతి వెడల్పుది. నడుముకు కట్టుకునే జిప్పు సంచి. అది రాత్రి పడుకున్నప్పుడు కూడా నా దగ్గరే ఉంది. దాంట్లో రెండు గ్లూకోజు ప్యాకెట్లు, చిన్న బిస్కెట్ ప్యాకెట్టు, సుగర్ మిషను, అత్తయ్య రెండు పూటల బీపీ మాత్రలు, జ్వరం మాత్రలు, వాంతుల మాత్రలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, బ్యాండ్ ఎయిడ్లు. కాగితం మీద అత్తయ్య వాడే మందుల పేర్లు, మోతాదులు, ఇంటి ఫోను నెంబరు రాసి పెట్టాను. ఇంకో గ్లూకోజు ప్యాకెట్టు అత్తయ్య నడుము సంచిలో, ఒకటి మా ఆయన జేబులో. ఇన్సులిన్ కూడా భోజనం వేళ అడిగి తెలుసుకున్నాకే తీసుకోవాలని డాక్టరుగారితో ముందే మాట్లాడుకున్నాం. పన్నెండింటికి మిషనుతో చూశాం, తక్కువగా ఉంది కానీ ప్రమాదం లేదు. రెండు బిస్కెట్లు తిన్నారు. కొండలు దగ్గరికొచ్చి నది సన్నబడుతుంటే లేచి రెయిలింగు పట్టుకుని నిలబడి, "నిజంగా పాపిట తీసినట్టే ఉందే!" అన్నారు. పోయినసారి అదే చోట ఆవిడ నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నారు. ఏమీ చూడలేదు.

వాంతుల మాత్ర గురించి ఒక మాట. నది మీద కుదుపు పెద్దగా ఉండదు, చలికాలంలో బోటు నెమ్మదిగా పోతుంది. పిల్లలకు వాంతులయ్యేది భద్రాచలం నుంచి వచ్చే అడవి దారి మలుపుల్లో. మాత్ర బండి ఎక్కే అరగంట ముందు వెయ్యాలి, ఎంత వెయ్యాలో డాక్టరును అడిగి. బండి కదిలాక వేస్తే లాభం లేదు.

చిల్లర! పది, ఇరవై, యాభై నోట్లు వెయ్యి రూపాయలకు తీసుకెళ్ళాను. పోచవరం దాటాక ఫోను సిగ్నలు పోతుంది, ఫోన్‌పే పనిచెయ్యదు. పేరంటాలపల్లిలో వెదురు పూలు ఆరు, ఒక చిన్న బుట్ట కొన్నాను. బేరం ఆడలేదు. సిగ్నలు ఉండదని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి, ఎప్పటికల్లా ఫోను చేస్తామో కూడా చెప్పి బయల్దేరాం. టార్చిలు రెండు, పవర్‌బ్యాంకు ఒకటి. దోమలకు ఓడోమాస్. రాత్రి కన్నా సాయంత్రం దీపాలు పెట్టే వేళే దోమలు ఎక్కువ.

తినేవి తక్కువే పట్టుకెళ్ళాం. బోటులో టిఫినూ భోజనమూ పెడతారు. జంతికలు, పల్లీ ఉండలు, పిల్లలకు అరటిపళ్ళు చాలు. కానీ మనిషికో స్టీలు గ్లాసు, ఒక స్టీలు సీసా తప్పకుండా ఉండాలి. మొదటిసారి మేం కూడా నీళ్ళ సీసాలు, కాగితం గ్లాసులు ఒడ్డున వదిలేసినవాళ్ళమే. ఆ ఒడ్డు 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అడవిని ఆనుకుని ఉంది. ఈసారి ఒక గోనెసంచి తీసుకెళ్ళాం. మా గుడిసె చుట్టుపక్కల మాది కానిది కూడా పిల్లలు ఏరి అందులో వేశారు. భద్రాచలం దాకా మోసుకొచ్చి చెత్తబండికి ఇచ్చాం.

రెండో రోజు పొద్దున్న మంచు ఎంత దట్టంగా పట్టిందంటే ఎదురు ఒడ్డు కనిపించలేదు. మంచు విడిచేదాకా బోటు తియ్యనన్నారు బోటు నడిపే సరంగు. అందరూ విసుక్కున్నారు. మేం శాలువాలు కప్పుకుని, స్టీలు గ్లాసుల్లో టీ పట్టుకుని నీళ్ళ అంచున కూర్చున్నాం. అత్తయ్య మంకీ క్యాపులో, పాప ఆవిడ శాలువాలో. తొమ్మిదింటికి కొండ మీద చెట్ల తలలు ముందు బయటపడ్డాయి, తర్వాత కొండ, ఆ తర్వాత నది.

ఇంటికొచ్చాక జాకెట్లు మంచినీళ్ళతో కడిగి నీడలో రెండు రోజులు ఆరేశాను. ఎండలో వేస్తే గుడ్డ త్వరగా పాడవుతుంది. నడుము సంచి ఖాళీ చెయ్యలేదు. అలమరా పై అరలో జాకెట్ల పక్కనే ఉంది. గ్లూకోజు ప్యాకెట్ల మీద గడువు తేదీ చూసి మారుస్తుంటాను. పిల్లల బరువు పెరిగింది, ఈసారి వెళ్ళాలంటే మావాడికి కొత్త జాకెట్ కొనాలి.